ప్లాన్ పెంచే ముందు రౌటర్ ఎక్కడుందో చూడండి

సంపాదకుల వారికి, నమస్కారం.

నెట్ నెమ్మదిగా వస్తోందని ఫోన్ చేస్తే కస్టమర్ కేర్ వాళ్లు ముందు రౌటర్ ఆపి మళ్లీ ఆన్ చేయమంటారు. అయినా తగ్గకపోతే ప్లాన్ పెంచుకోమంటారు. 100 ఎంబీపీఎస్ నుంచి 300కు మారి, నెలనెలా అదనపు బిల్లు కడుతున్నా వెనక పడకగదిలో వీడియో కాల్ ముక్కలు ముక్కలుగా వినపడే ఇళ్లు కోకొల్లలు. కంపెనీ నుంచి మన గోడ దాకా వచ్చే వేగం ఒకటి, ఆ గోడ మీది పెట్టె నుంచి ఫోన్ దాకా గాల్లో వెళ్లే వేగం మరొకటి. ప్లాన్ మారిస్తే పెరిగేది మొదటిదే. చాలా ఇళ్లలో దెబ్బతింటున్నది మాత్రం రెండోది. ఎక్కడ పోతోందో తేల్చుకోవడం పెద్ద కష్టమేమీ కాదు. అదెలాగో పాఠకులకు చెబుదామనీ, కనెక్షన్లు ఇచ్చేవాళ్లకూ ఇళ్లు కట్టేవాళ్లకూ ఒకటి రెండు విన్నపాలు చేద్దామనీ ఈ ఉత్తరం.

ముందు లెక్క. ప్లాన్‌లో రాసే ఎంబీపీఎస్ అంటే సెకనుకు మెగాబిట్లు. ఫైల్ దిగుతున్నప్పుడు కంప్యూటర్ చూపించేది మెగాబైట్లు. 8 బిట్లు ఒక బైటు కాబట్టి, 100 ఎంబీపీఎస్ లైన్ మీద సెకనుకు 12 మెగాబైట్లు దిగుతుంటే ఆ లైన్‌కు వంక పెట్టడానికేమీ లేదు. ఇంతకీ ఇంటికి ఎంత కావాలి? హెచ్‌డీ సినిమాకు 5, 4కే సినిమాకు 15 నుంచి 25, వీడియో కాల్‌కు 3, 4 ఎంబీపీఎస్. రెండు టీవీల్లో 4కే నడుస్తూ ఇద్దరు కాల్స్‌లో ఉన్నా 60 దాటదు. అంటే 100 ప్లాన్ ఉన్న ఇంట్లో అవస్థ పడుతున్నారంటే ప్లాన్ చాలక కాదు.

మొదటి పరీక్ష వైఫై లేకుండా చేయాలి. ల్యాప్‌టాప్‌లో వైఫై ఆపేసి, ల్యాన్ కేబుల్‌తో నేరుగా రౌటర్‌కు కలపండి. మిగతా ఫోన్లూ టీవీలూ నెట్ వాడకుండా చూసి స్పీడ్ టెస్ట్ పెట్టండి. పొద్దున ఒకసారి, రాత్రి తొమ్మిదింటప్పుడు ఒకసారి. రెండుసార్లూ ప్లాన్‌కు దగ్గరగా వస్తే లోపం ఇంట్లోనే. పొద్దున వచ్చి రాత్రి పడిపోతే అది లైన్ మీది రద్దీ. ఇళ్లకు వచ్చే మామూలు ఫైబర్‌లో (దీన్ని జీపాన్ అంటారు) ఒక పోగు మీద వచ్చే సుమారు 2.5 గిగాబిట్లను స్ప్లిట్టర్ (కాంతిని పాయలుగా చీల్చే పరికరం) పెట్టి 32 ఇళ్లకో, 64 ఇళ్లకో పంచుతారు. దానిపైన ఆపరేటర్ కొనుక్కున్న లింకు ఇరుకైతే రాత్రిపూట అందరికీ కోతే. అది మీ చేతిలో లేదు. ఆ రెండు కొలతల స్క్రీన్‌షాట్లూ జోడించి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. కేబుల్ మీద తీసిన కొలత చూపించాక ‘మీ వైఫైలోనే ఏదో ఉంది సార్’ అని దాటేయడం కుదరదు. నెలాఖరున మాత్రమే నెమ్మదిస్తే, ప్లాన్‌లో డేటా పరిమితి దాటిందేమో కూడా చూసుకోండి.

300 ప్లాన్ తీసుకున్నాక కేబుల్ మీద కూడా 94, 95 దగ్గర గీత గీసినట్టు ఆగిపోతే సంగతి వేరు. ఆ అంకె కనపడిందంటే మధ్యలో ఎక్కడో లింకు 100కు పడిపోయిందన్నమాట. గిగాబిట్ లింకుకు కేబుల్‌లోని నాలుగు జతలూ, అంటే ఎనిమిది తీగలూ కావాలి. 100కు ఆరెంజ్, ఆకుపచ్చ జతలు రెండే చాలు. నీలం తీగో గోధుమ తీగో కేబుల్ కొసన ఉండే క్లిప్‌లో సరిగా దిగకపోతే చాలా పరికరాల్లో నెట్ ఆగదు, గుట్టుచప్పుడు కాకుండా 100కు దిగిపోతుంది. అందుకే ఎవరికీ అనుమానం రాదు. విండోస్‌లో ఈథర్‌నెట్ వివరాలు తెరిస్తే లింక్ స్పీడ్ 1000/1000 ఉండాలి. 100/100 ఉంటే ముందు కేబుల్ మార్చి చూడండి. కొత్త క్లిప్ కొట్టించుకుంటే తీగల వరస ఇది: తెలుపు-ఆరెంజ్, ఆరెంజ్, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. రెండు చివర్లా ఇదే వరస ఉండాలి. ఒకే కేబుల్‌లో నాలుగు తీగలు నెట్‌కూ, మిగిలిన నాలుగు కెమెరాకూ వాడేసే మహానుభావులున్నారు. అక్కడ 100 దాటే ప్రశ్నే లేదు. కేబుల్ మార్చినా కదలకపోతే పోర్టే 100ది అయ్యుంటుంది. చవక పెట్టెల్లో నాలుగు ల్యాన్ పోర్టులుంటే ఒక్కటే గిగాబిట్ పోర్టు ఉండటం మామూలే. పోర్టు కింద జీఈ అని ఉంటే గిగాబిట్, ఎఫ్ఈ అని ఉంటే 100.

కేబుల్ మీద కూడా వేగం నిలకడగా లేక, మధ్యమధ్యలో తెగిపోతుంటే ఫైబర్‌ను అనుమానించాలి. రౌటర్ పేజీలో (చిరునామా పెట్టె అడుగున అంటించిన స్టిక్కర్ మీద ఉంటుంది, చాలావాటిలో 192.168.1.1) ఆప్టికల్ పవర్ లేదా ఆర్ఎక్స్ పవర్ అనే అంకె కనిపిస్తుంది, అంటే పెట్టెకు చేరుతున్న కాంతి బలం. మైనస్ 18 నుంచి మైనస్ 24 డీబీఎం (బలానికి కొలత; మైనస్ పక్క అంకె పెరిగేకొద్దీ బలం తగ్గినట్టు) మధ్య ఉంటే నిశ్చింత. మైనస్ 27 దగ్గరికి వచ్చిందంటే తెగడం మొదలైనట్టే. ఫైబర్ కిటికీ రెక్క కింద నలిగినా, గోడ మూలలో గట్టిగా వంచి మేకు క్లిప్ కొట్టినా ఆ వంపు దగ్గర కాంతి బయటికి జారిపోతుంది. మిగులు ఫైబర్‌ను ఆరు సెంటీమీటర్ల కంటే ఇరుకైన చుట్టగా చుట్టకూడదు. మన దగ్గర కరెంటు స్తంభాల మీదుగా, కొమ్మల మధ్య నుంచి వచ్చే లైన్లు ఎక్కువ. ఏపీ ఫైబర్‌నెట్ లైన్లు కూడా చాలావరకు అలా వేసినవే. గాలివాన వెలిశాక ఈ అంకె ఓసారి చూసుకోవడం మంచి అలవాటు. ఊడదీసిన ఫైబర్ కొసను మాత్రం కంటికి ఎదురుగా పెట్టుకోవద్దు. అందులోంచి వచ్చే కాంతి కంటికి కనపడదు, కానీ ఉంటుంది.

ఇక ఇంటి లోపల. హైదరాబాద్ శివారులోనైనా విజయవాడలోనైనా రెండు పడకగదుల ఫ్లాట్‌లో దృశ్యం దాదాపు ఒకటే. ఫైబర్ మెయిన్ డోర్ మీది వెంటిలేటర్ లోంచి లోపలికి దిగుతుంది. పెట్టె చెప్పుల స్టాండ్ పైన, ఎంసీబీ బోర్డు పక్కన రెండు మేకులకు వేలాడుతుంటుంది. లైన్‌మన్‌కు అక్కడైతే రెండు మీటర్ల వైరుతో పని అయిపోతుంది. సగం సిగ్నల్ లిఫ్టు దగ్గరికీ ఎదురింటికీ పోతుంది. మిగిలిన సగం హాలు దాటి, ఫ్రిజ్ దాటి, బాత్రూం గోడ దాటి, ఇనప బీరువానూ దాని నిలువుటద్దాన్నీ దాటి మంచం దాకా చేరాలి. లోహం, నీళ్లు, అద్దం వెనక పూత, ఇనుము పోసిన కాంక్రీటు... వైఫైకి ఈ నాలుగూ పడవు. ఇటుక గోడ కొంత మింగుతుంది, ఆర్‌సీసీ గోడ అంతకంటే ఎక్కువ మింగుతుంది. స్లాబు దాటి పై అంతస్తుకు పోయేసరికి మిగిలేది అరకొరే.

కొలవడానికి ఫోన్‌లో వైఫై ఎనలైజర్ తరహా ఉచిత యాప్ చాలు. సిగ్నల్ పక్కన కనిపించే గీతలను నమ్మొద్దు, డీబీఎం అంకె చూడండి. మైనస్ 50 అంటే శ్రేష్ఠం. మైనస్ 65 దాకా దేనికీ ఇబ్బంది లేదు. మైనస్ 75 దగ్గర వీడియో తడబడుతుంది. 80 దాటితే కనెక్ట్ అయినట్టు కనపడుతుందే తప్ప పని జరగదు. 3 తగ్గిందంటే శక్తి సగం పోయినట్టు లెక్క, కాబట్టి మైనస్ 70కీ 76కీ మధ్య తేడా చిన్నది కాదు. గదిగదికీ తిరిగి, తలుపులు వేసి ఒకసారి, తీసి ఒకసారి అంకెలు రాసుకుంటే రౌటర్ ఎక్కడికి జరగాలో ఆ కాగితమే చెబుతుంది. మామూలుగా అది ఇంటి నడిమధ్య, ఐదారడుగుల ఎత్తులో, టీవీ వెనక కాకుండా, షోకేసు తలుపుల లోపల కాకుండా. లోపల పెడితే సిగ్నల్ సంగతి అటుంచి, మన ఎండాకాలంలో పెట్టె ఉడికిపోతుంది.

జరపడానికి రెండు దారులు. ఫైబర్‌నే పొడిగించాలంటే రెండు చివర్లా ఆకుపచ్చ కనెక్టర్లున్న ప్యాచ్ కార్డ్ 10, 15, 20 మీటర్లలో దొరుకుతుంది, దాంతోపాటు రెండు కొసలనూ కలిపే అదే రకం కప్లర్ ఒకటి కావాలి. నీలం కనెక్టర్‌ది కొని ఆకుపచ్చ దాంతో కలపొద్దు. ఆకుపచ్చ కనెక్టర్ కొస 8 డిగ్రీల వాలుగా అరగదీసి ఉంటుంది, నీలం కొసకు ఆ వాలు ఉండదు. రెండింటినీ ఎదురెదురుగా పెడితే ముఖాలు కలవక కాంతి పోతుంది. రెండో దారి: కంపెనీ పెట్టెను ఉన్నచోటే వదిలి, దాని వైఫై ఆపేసి, అక్కడి నుంచి క్యాట్6 కేబుల్ (గిగాబిట్‌కు సరిపడే ల్యాన్ కేబుల్ రకం) లాగి హాలు మధ్యలో మంచి రౌటర్ పెట్టడం. వీలైతే కంపెనీ పెట్టెను బ్రిడ్జి మోడ్‌లో, అంటే రౌటర్ పని మాని లైన్‌ను మాత్రమే దాటించేలా పెట్టించండి. లేదంటే రెండో దాన్ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో, అంటే వైఫై మాత్రమే ఇచ్చేలా పెట్టండి. రెండూ రౌటర్లుగానే ఉండిపోతే గేములూ, ఆఫీసు నెట్‌వర్క్‌కు కలిపే వీపీఎన్‌లూ, ప్రింటర్లూ పేచీ పెడతాయి. కేబుల్ 100 మీటర్ల వరకు లాగవచ్చు. రాగి పూత పూసిన అల్యూమినియం తీగ చవకగా వస్తుంది గానీ మడిస్తే విరుగుతుంది, అసలు రాగిదే అడగండి. గోడ పగలగొట్టాలేమోనని భయపడక్కర్లేదు: చాలా పాత ఫ్లాట్లలో వాడకంలో లేని ల్యాండ్‌లైన్ పైపో, కేబుల్ టీవీ పైపో గోడలోనే ఉంటుంది. పాత వైరు కొసకు క్యాట్6ను టేపుతో గట్టిగా చుట్టి, అవతలి నుంచి నెమ్మదిగా లాగితే అదే వస్తుంది. కరెంటు వైర్ల పైపులో మాత్రం దూర్చొద్దు.

ఏంటెనాల గురించి అపోహలు చాలా. సిగ్నల్ కర్ర కొస లోంచి దూసుకురాదు. నిలువుగా ఉన్న ఏంటెనా చుట్టూ గారె ఆకారంలో అడ్డంగా పరుచుకుంటుంది. ఒకే అంతస్తు ఇంట్లో అన్నిటినీ నిలువుగా పెట్టండి. పైన గది ఉంటే ఒకదాన్ని పడుకోబెట్టండి. ‘9 డీబీఐ’ (సిగ్నల్‌ను ఏంటెనా ఎంతగా ఒక దిక్కుకు మళ్లిస్తుందో చెప్పే కొలత) లాంటి పెద్ద ఏంటెనాలు ఆ గారెను ఇంకా పలచగా, వెడల్పుగా చేస్తాయి, పై అంతస్తుకు అందేది తగ్గుతుంది. బూస్టర్ పెట్టి రౌటర్ గొంతు పెంచినా ఫోన్ గొంతు పెరగదు. ఫోన్ తిరిగి చెప్పేది రౌటర్‌కు వినపడకపోతే డేటా కదలదు.

ఇప్పుడు బ్యాండ్లు, అంటే వైఫై నడిచే తరంగాల శ్రేణులు. 2.4 గిగాహెర్ట్జ్ దూరం పోతుంది, కానీ ఇరుకు. ఇందులో ఒకదానిమీద ఒకటి పడకుండా ఇమిడేవి మూడే ఛానళ్లు (బ్యాండులోని దారులు): 1, 6, 11. యాప్‌లో చూసి ఆ మూడింటిలో తక్కువ రద్దీ ఉన్నదాన్ని ఎంచుకోండి. ‘అందరూ 6 మీద ఉన్నారు, నేను 4 మీద పెడతా’ అనుకోవడం తెలివైన పనిలా కనపడుతుంది కానీ కాదు. ఒకే ఛానల్‌లో ఉన్న రౌటర్లు ఒకటి మాట్లాడుతుంటే ఇంకొకటి ఆగుతాయి. పక్క ఛానల్‌లో ఉన్నవాటికి అవతలివాళ్ల మాట అర్థం కాని రొదగా చేరి ఇద్దరి పనీ చెడుతుంది. ఛానల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్ దగ్గర ఉంచండి. అపార్ట్‌మెంట్‌లో 40 పెడితే పక్కవాళ్లతో గొడవ పెరగడం తప్ప ఒరిగేదేమీ లేదు. మైక్రోవేవ్ ఒవెన్ నడిచినంతసేపు వంటింటి పక్కన నెట్ తడబడితే అది కూడా ఈ బ్యాండు పుణ్యమే.

5 గిగాహెర్ట్జ్ దగ్గరి గదుల్లో వేగానికి. పేరు చివర 5జీ అని కనిపించే వైఫై ఇదే, ఫోన్ కంపెనీల 5జీతో దీనికి సంబంధం లేదు. మన దేశంలో 2018 అక్టోబరులో ఈ బ్యాండులో మొత్తం 605 మెగాహెర్ట్జ్‌కు లైసెన్సు అక్కర్లేకుండా చేశారు కాబట్టి ఇక్కడ చోటుకు కరవు లేదు. వెడల్పు 80 పెట్టి, ఛానల్ 36 నుంచి 48 లోపు గానీ, 149 నుంచి 161 లోపు గానీ ఉంచండి. మధ్యలో 52 నుంచి 144 వరకు ఉన్నవి రాడార్లతో పంచుకునే ఛానళ్లు. రాడార్ అనుమానం వస్తే రౌటర్ ఉన్నపళంగా ఛానల్ ఖాళీ చేస్తుంది, మీ కాల్ తెగుతుంది. రెండు బ్యాండ్లకూ ఒకే పేరు ఉంటే కొన్ని టీవీలు 2.4నే పట్టుకుని వేలాడుతుంటాయి. అలాంటప్పుడు పేర్లు వేరుచేసి, టీవీని 5కు కట్టేయండి.

ఫోన్‌కూ ఒక హద్దుంది. ఆండ్రాయిడ్‌లో కనెక్టయిన వైఫై వివరాల్లో లింక్ స్పీడ్ కనిపిస్తుంది. 2.4 మాత్రమే ఉన్న చవక ఫోన్‌లో అది మామూలుగా 72. ఒక ఏంటెనా ఉన్న వైఫై 5 (వైఫైలో ఒక తరం పేరు) ఫోన్‌లో 433, రెండు ఏంటెనాలుంటే 867, వైఫై 6లో 1201. చేతికొచ్చేది అందులో సగం, మహా అయితే కాస్త పైన. 72 లింకున్న ఫోన్ మీద గిగాబిట్ ప్లాన్ వేసినా 40కి అటూ ఇటూగానే వస్తుంది. అంతేకాదు, మైనస్ 80 దగ్గర నత్తనడకన నడిచే ఒక పాత కెమెరా గాలిని ఎక్కువసేపు ఆక్రమించుకుని మిగతా పరికరాలనూ ఆపేస్తుంది. అటువంటివాటిని కేబుల్ మీదికి మార్చండి. కదలని టీవీ, కంప్యూటర్‌లకూ కేబులే మేలు. సెక్యూరిటీ సెట్టింగ్ డబ్ల్యూపీఏ2-ఏఈఎస్ లేదా డబ్ల్యూపీఏ3 ఉండాలి. ఎప్పటిదో పాత భద్రతా పద్ధతి టీకేఐపీ అలాగే ఉండిపోతే కొత్త రౌటరైనా 54 దాటదు.

కేబుల్ లాగడం కుదరనివాళ్లు ఎక్స్‌టెండర్ (వైఫై అందుకుని ముందుకు పంపే పెట్టె) కొంటారు. కొని సిగ్నల్ రాని గదిలోనే పెడతారు. అక్కడ దానికీ అందదు కదా! రౌటర్‌కూ ఆ గదికీ మధ్య, మైనస్ 60, 65 వచ్చేచోట పెట్టాలి. ఒకే బ్యాండుతో వినడమూ చెప్పడమూ చేసే చవక ఎక్స్‌టెండర్‌లో వేగం సగానికి పడుతుంది. మెష్ కిట్లు (ఒకే వైఫైగా పనిచేసే రెండు మూడు పెట్టెల సెట్లు) మెరుగే, అయినా వాటి పెట్టెలను కేబుల్‌తో కలిపితేనే పెట్టిన డబ్బుకు పూర్తి ఫలితం.

స్పీడ్ టెస్ట్‌లో 100 వస్తున్నా కాల్ తడబడితే అప్‌లోడ్ చూడండి. నాలుగు కెమెరాలు రికార్డింగును క్లౌడ్‌కు పంపుతున్నా, ఫోన్ ఫొటోల బ్యాకప్ నడుస్తున్నా పైకి వెళ్లే దారి నిండిపోయి మిగతావన్నీ వరసలో నిలబడతాయి. బ్యాకప్‌ను అర్ధరాత్రికి మార్చండి. రౌటర్‌లో క్యూఓఎస్ (ఏ పనికి ఎంత వేగమో పంచే సెట్టింగ్) ఉంటే రెండు వైపులా పరిమితిని అసలు కొలతలో 90 శాతానికి కట్టండి. ఆ 10 శాతం వదులుకున్నందుకు కాల్ నిలకడగా ఉంటుంది. డీఎన్ఎస్ (సైటు పేరును దాని చిరునామాగా మార్చే సేవ) మారిస్తే వేగం రెట్టింపవుతుందనే వీడియోలు నమ్మొద్దు. పేజీ తెరుచుకోవడం కాస్త చురుగ్గా ఉండొచ్చు, డౌన్‌లోడ్ మారదు.

టవర్ నుంచి గాల్లో వచ్చే 5జీ ఇంటి కనెక్షన్లకు ఈ లోపలి జాగ్రత్తలన్నీ వర్తిస్తాయి. అదనంగా ఒకటి: బయటి యూనిట్ టవర్ కనపడే వైపు, వాటర్ ట్యాంకూ పిట్టగోడా అడ్డు రాని ఎత్తులో ఉండాలి. బాల్కనీ గ్రిల్‌కు కట్టేసి పోతామంటే ఒప్పుకోకండి. డాబా మీద రెండు మూడు చోట్ల పెట్టి చూసి, సిగ్నల్ అంకె మెరుగ్గా ఉన్నచోటే బిగించమనండి.

ఇక విన్నపాలు. కనెక్షన్ ఇచ్చే కంపెనీలు లైన్‌మన్ చేతికి రెండు మీటర్లు కాకుండా 15 మీటర్ల ఇండోర్ ఫైబర్ ఇచ్చి పంపాలి. బిగించిన రోజున ఆర్ఎక్స్ పవర్ ఎంత, కేబుల్ మీద వేగం ఎంత, ఏ పోర్టు గిగాబిట్‌ది అన్న మూడు ముక్కలూ రసీదు మీద రాసి సంతకం చేయాలి. 300, ఆపై ప్లాన్ అమ్మేటప్పుడు 100 పోర్టుల పెట్టె అంటగట్టడం మానాలి. పాఠకులు కూడా ఆ రసీదు లేకుండా లైన్‌మన్‌ను పంపేయొద్దు.

బిల్డర్లు ప్రతి గదికీ ఏసీ పాయింట్ ఇస్తున్నారు, టీవీ పాయింట్ ఇస్తున్నారు. నెట్ మాత్రం తలుపు మీది వెంటిలేటర్ లోంచే రావాలి! కారిడార్ షాఫ్టు నుంచి హాలు మధ్యకు ఒక అంగుళం పైపు, అక్కడి నుంచి ఒక్కో పడకగదికి ఒక్కో పైపు, కరెంటు పైపులకు దూరంగా వేయండి. హాలు మధ్య సీలింగ్‌కు అడుగు కింద ఒక ప్లగ్ పాయింట్ పెట్టండి. వంపుల దగ్గర ఎల్బో (ఇరుకు మలుపు) కాకుండా బెండు (వెడల్పు వంపు) వాడండి, ఎల్బోలో క్యాట్6 తిరగదు. ప్లాస్టరింగ్‌కు ముందే ప్రతి పైపులో లాగుడు తీగ ఒకటి వదిలి, రెండు కొసలూ మూతలతో మూసేయండి. ఇల్లు కొనేవాళ్లు కూడా తాళాలు తీసుకునే ముందు ఆ తీగ ఇటు లాగితే అటు కదులుతోందో లేదో చూసుకోవాలి.

ఇట్లు,
నెట్‌వర్క్ పనిలో ఉన్న ఒక పాఠకుడు,
గుంటూరు